రెండో సైరన్ దాకా

మా బడిలో మధ్యాహ్నం రెండు గంటలకు ఎవరూ పాఠం చెప్పరు. చెప్పినా వినేవాళ్లుండరు. గోదావరిఖని పక్కన ఓపెన్‌కాస్ట్ గని తవ్వుకుంటూ తవ్వుకుంటూ మా కాలనీ వెనక దాకా వచ్చింది. రోజూ ఆ వేళకు మొదటి సైరన్ మోగుతుంది, బ్లాస్టింగ్ చేయబోతున్నామని. కాసేపటికి నేల కిందినుంచి ఒక దెబ్బ. గోడలు, కిటికీ రెక్కలు, టేబుల్ మీది సుద్దముక్కలు అన్నీ ఒక్కసారి కదులుతాయి. ఆ వెనక దుమ్ము. దుమ్ము అణిగాక రెండో సైరన్, ఇక భయం లేదని. ఈ రెండింటి మధ్య మామూలుగా పది నిమిషాలు కూడా పట్టదు.

నేను చిన్నపిల్లల టీచర్ని. సర్కారు బడిలో ఈ మధ్యే మొదలుపెట్టిన నాలుగైదేళ్ల పిల్లల క్లాసు నాది. నోరు కొంచెం పెద్దదే, ఒప్పుకుంటాను. స్టాఫ్ రూంలో ఎవరైనా "ఆటలేనా, ఏమన్న చెప్పేది గూడ ఉందా?" అని నవ్వితే ఊరుకునే రకం కాదు. నాలుగేళ్ల పిల్ల చేతిలో బంతి పక్కపిల్లకిచ్చి, తన వంతు కోసం ఉబలాటం ఆపుకుని ఆగిందంటే, అది అక్షరాల కంటే పెద్ద చదువని నా వాదన. ఈ వాదనతో హెడ్మాస్టర్ని విసిగించాను. స్కూల్ కాంప్లెక్స్ మీటింగుల్లో పక్క బళ్ల టీచర్లను కూడా విసిగించాను. సగం మంది తలలూపారు, సగం మంది సెల్‌ఫోన్లు చూసుకున్నారు.

నాతో వాదించకుండా వినేది ఒక్క పెద్దక్కే. ఒకటో తరగతి టీచర్. రిటైర్మెంటుకు దగ్గర పడింది. ఒకరోజు టిఫిన్ డబ్బా మూత పెడుతూ అంది.

"ఆటలు వద్దని నేనెన్నడన్న అన్ననా చెల్లె? పాఠం మరిచిపోతరు పిల్లలు, మళ్ల చెప్పుకోవచ్చు. ఆటల చెప్పింది మరువరు. గందుకే జర సోంచాయించి చెప్పుమంటున్న."

నేను దాన్ని మెచ్చుకోలు కింద తీసుకున్నాను. ఎవరేమన్నా మెచ్చుకోలుగా తీసుకోవడం నాకు అప్పట్లో బాగా అలవాటు.

జూన్‌లో బడి తెరిచినప్పుడు నా పిల్లలు సైరన్‌కు ఏడ్చేవాళ్లు. ఒకరు మొదలుపెడితే చాలు, ఇరవై మంది అందుకునేవాళ్లు. పెద్దక్క క్లాసులో చెవులు మూసుకుని బెంచీ మీద తల వాల్చమనేది. వాళ్లూ అలాగే వాల్చేవాళ్లు, బెంచీ మాత్రం తడిసేది. నాకు ఒళ్లు మండేది. పుట్టినప్పటినుంచి ఈ చప్పుడు, ఇంకెన్నేళ్లుంటుందో ఈ చప్పుడు, రోజూ ఏడుస్తూ ఎలా బతుకుతారు ఈ పిల్లలు? మూడు నెలలు చూసి, దాన్నే ఆట చేసేద్దాం అనుకున్నాను.

ఆట చాలా తేలిక. మొదటి సైరన్ వినపడగానే అందరూ బెంచీల కిందికి దూరాలి. అదే మా గని. లోపల చీకటి కాబట్టి కళ్లు మూసుకోవాలి, మాట్లాడకూడదు. రెండో సైరన్ వచ్చేదాకా కదలకుండా, పలకకుండా ఉన్నవాళ్లు గెలిచినట్టు. గెలిచినవాళ్ల చేతి మీద నా ఎర్ర పెన్నుతో చుక్క పెడతాను. మధ్యలో నోరు తెరిచారా, ఔట్.

వారం తిరిగేసరికి ఏడుపులు ఆగిపోయాయి. బెంచీల కింద ఇరవై జతల కాళ్లు మాత్రం కనపడేవి, ఒక్క గుక్క వినపడేది కాదు. దెబ్బ పడినప్పుడు పైకప్పు నుంచి సున్నం రాలి బెంచీల మీద పడుతుంటే నేను గోడకానుకుని నిలబడి గర్వపడేదాన్ని. హెడ్మాస్టర్ కిటికీలోంచి చూసి "ఏంది టీచర్, మంత్రమేసిన్రా?" అన్నాడు.

చిక్కల్లా ఒక పిల్లతో వచ్చింది. వాళ్ల నాన్న గనిలో సర్దార్, పదిమందిని పనికి నడిపించే మనిషి. ఇంట్లో ఆయన గొంతు విని విని ఈమెకూ ఆ పెత్తనం వచ్చింది. క్లాసులో ఎవరెక్కడ కూర్చోవాలో ఆమే చెప్తుంది. ఆటలో తను ఔటైపోయాక ఊరుకోకుండా బయటికొచ్చి, అచ్చం నా గొంతు పెట్టి, "అందరు బయటికి రాండ్రి, టీచర్ని పిలుస్తున్న!" అనేది. అమాయకపు పిల్లలు "ఆ టీచర్" అని పలికి ఔటయ్యేవాళ్లు. తర్వాత జుట్లు పట్టుకునేవాళ్లు. రెండు రోజులు చూసి నేను కొత్త షరతు పెట్టాను.

"ఎవరు పిలిచినా పలకొద్దు. నేను పిలిచినా పలకొద్దు. రెండో సైరన్ వస్తేనే బయటికి రావాలె."

ఈ మాట నేనే అన్నాను. ఇంకొకరి మీదికి తోసేయడానికి లేదు.

అదే క్లాసులో ఒక పాప ఉండేది. వాళ్ల నాన్న రోడ్డు పక్కన టిప్పర్లకు పంక్చర్లు వేస్తాడు. ఇంట్లో దక్కనీ ఉర్దూ మాట్లాడుకుంటారు, తెలుగు ఆమెకు బజారు భాష. చేరి మూడు నెలలైనా బడిలో ఒక్క మాట మాట్లాడలేదు. దాహమేస్తే బాటిల్ వైపు చూసేది, మేం అర్థం చేసుకోవాలి. పిల్లలకు ఓపిక ఎంతసేపు? "గామె పలుకది" అని వదిలేసి పోయేవాళ్లు. ఖోఖో ఆడినా, తొక్కుడుబిళ్ల ఆడినా ఈమె గోడ దగ్గరే నిలబడేది. పొద్దున దింపడానికి వచ్చినప్పుడల్లా వాళ్లమ్మ గేటు దగ్గర ఆగి అడిగేది.

"మాట్లాడిందా టీచరమ్మా, నిన్న ఏమన్నా?"

లేదని చెప్పడం నాకు రోజూ కష్టంగా ఉండేది. హెడ్మాస్టర్ మాత్రం కుండబద్దలు కొట్టినట్టు చెప్పేశాడు. ఏడాది చివరికి నలుగురితో కలవకపోతే, మాట రాకపోతే, ఒకటో తరగతిలోకి తీసుకోలేమని, దూరాన వేరే బడి చూసుకోమని వాళ్లకు చెప్పాలని. టైర్లు మోసే మనిషి, ఇంట్లో ఇంకో చంటిపిల్ల. వాళ్లు దూరం పంపరు. పంపకపోతే ఆమె చదువు అక్కడితో సరి. నాకది బాగా తెలుసు.

సైరన్ ఆట ఆమె రాత మార్చింది. మాట్లాడకుండా ఉండడంలో ఆమెను గెలిచేవాళ్లు ఎవరు? మొదటిరోజు చుక్క, రెండో రోజు చుక్క, నెల తిరిగేసరికి మోచేతి దాకా ఎర్ర చుక్కలు. వాళ్లమ్మ కడగబోతే చెయ్యి వెనక్కి లాక్కుంటుందట. బెంచీ కింద ఆమె పక్కన చోటు కోసం పిల్లలు కొట్టుకునేవాళ్లు, ఆమె పక్కనుంటే వాళ్లకూ గెలుపు అంటుకుంటుందని. సర్దార్ బిడ్డ అయితే ఆమె చెయ్యి పట్టుకుని బడంతా తిప్పేది. ఇద్దరూ ఒకే డబ్బాలో తినడం నా కళ్లతో చూశాను. ఒకసారి పాప పకపకా నవ్వింది కూడా. నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఇక చూడండి నా నోరు. స్టాఫ్ రూంలో ఆ పాప గురించి చెప్పని రోజు లేదు.

ఒకరోజు గేటు దగ్గర వాళ్లమ్మ వేరే మాట చెప్పింది.

"ఆదివారం గూడ గట్లనే చేస్తుంది టీచరమ్మా. సైరన్ వచ్చిందంటే బొంతల వెనక దూరుతది. నేను ఎంత పిలిచినా పలకది. వాళ్ల అబ్బా పిలిచినా పలకడు... పలకది. నాకు పరేషాన్ అయితుంది."

"ఆట బాగా ఎక్కిందమ్మా" అని నవ్వాను నేను. ఆమె నవ్వలేదు. నేను మాత్రం అది కూడా ఆట గొప్పతనమే అనుకుని లోపలికి వెళ్లిపోయాను. ఆ ఉదయం గుర్తొస్తే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

శివరాత్రి దాటింది. మా దగ్గర ఎండకు తొందరెక్కువ, వరండా రేకులు అప్పుడే వేడెక్కుతున్నాయి. పరీక్షల కోసమని మా బెంచీలన్నీ పక్క హైస్కూలుకు తీసుకెళ్లారు. పిల్లలు చాపల మీద కూర్చుంటున్నారు. బెంచీలు లేకపోతే గని ఎక్కడ అని నాకు తట్టనే లేదు.

ఆరోజు రెండింటికి నేను ఆఫీసు గదిలో ఉన్నాను. పైనుంచి ఒక ఫారం వచ్చింది, చిన్నపిల్లలు నలుగురితో కలవడానికి ఆటలు ఎలా పనికొస్తాయో టీచర్లు తమ అభిప్రాయం రాయాలట. అందరికంటే ముందు నేనే కలం తీసుకున్నాను. నా పిల్లలను కూడా చూడమని పెద్దక్కకు చెప్పి వచ్చాను. 'ఆటలో పిల్లలు ఒకరి కోసం ఒకరు ఆగడం నేర్చుకుంటారు' అని రాస్తుండగా మొదటి సైరన్ మోగింది. వరండాలో చిన్న పాదాల పరుగు వినపడింది. నేను తల ఎత్తలేదు.

దెబ్బ రోజులాగా లేదు. సగంలో తెగినట్టు, పొడిగా వచ్చింది. రెండో సైరన్ కోసం చెవి రిక్కించి కూర్చున్నాను. రాలేదు. పావుగంటయింది, రాలేదు. మందుగుండు కొంత పేలకుండా ఉండిపోయిందని, అలాంటప్పుడు అంతా చూసుకునేదాకా రెండో సైరన్ ఇవ్వరని తర్వాత తెలిసింది. వాళ్ల పద్ధతి ప్రకారం వాళ్లు చేసింది సరైనదే.

నేను క్లాసుకు వెళ్లేసరికి పిల్లలు విసుగొచ్చి ఒక్కొక్కరే బయటికొస్తున్నారు. తలుపు వెనకనుంచి ఒకరు, నీళ్ల డ్రమ్ము చాటునుంచి ఇద్దరు. లెక్కపెట్టాను. ఒకరు తక్కువ. మళ్లీ లెక్కపెట్టాను. అప్పటికే నాకు తెలుసు ఎవరో.

పేరు పెట్టి పిలిచాను. పెద్దక్క పిలిచింది. హెడ్మాస్టర్ గేటు బయటికి పరుగెత్తాడు, ఆ రోడ్డు మీద టిప్పర్లు ఆగవు. వంటామె బాత్రూముల వైపు వెళ్లింది. ఎవరో బండి మీద పంక్చర్ షాపుకు వెళ్లారు. ఎవరో వెనక మట్టిగుట్టల వైపు చెయ్యి చూపించారు. ఆ గుట్టల అవతల నీళ్లు నిలిచిన పాత గుంత ఉంది. దాని మాట ఎవరూ నోటితో అనలేదు. ఎంత గట్టిగా పిలిచానంటే గొంతు చీరుకుపోయింది. బడంతా నా అరుపే వినపడింది. దానికి ఏ మూలనుంచీ జవాబు లేదు.

వాళ్లమ్మ చంటిపిల్లను చంకనేసుకుని చెప్పుల్లేకుండా వచ్చింది. "బేటీ, కిధర్ హై? ఆజా అమ్మా!" అంటూ గది గదికీ తిరిగింది. వరండా చివరి గదిలో నిలబడి కూడా పిలిచింది. అక్కడ పాత చాపలు, విరిగిన కుర్చీలు, ఒక ఇనుప బీరువా తప్ప ఏమీ లేవు. జవాబు రాలేదు. ఆమె వెనక్కి తిరిగింది.

అప్పుడు సర్దార్ బిడ్డ నా కొంగు పట్టుకుని లాగింది.

"టీచర్, రెండో సైరన్ రాలే గదా. గామె ఎట్లొస్తది?"

నాలుగున్నరేళ్ల పిల్లకు తెలిసింది అక్కడున్న పెద్దవాళ్లెవరికీ తెలియలేదు. నాకు తెలియలేదు, ఆట పెట్టినదాన్ని. నేనేమీ అనకముందే ఆమె రెండు చేతులూ నోటి చుట్టూ పెట్టుకుని "ఊఁ..." అని ఎత్తుకుంది. అచ్చం సైరన్. పిల్లలందరూ అందుకున్నారు. నేనూ అందుకున్నాను, చీరుకుపోయిన గొంతుతో. పెద్దక్క అందుకుంది. వరండాలో నిలబడి మేమంతా ఊళ పెడుతుంటే వాళ్లమ్మ మా అందరికీ పిచ్చెక్కిందన్నట్టు చూసింది.

చివరి గదిలో ఇనుము మీద మడమతో తన్నిన చప్పుడు వినపడింది. రెండుసార్లు, మెల్లగా.

ఆ బీరువా హ్యాండిల్ వదులైపోయి చాలా రోజులైంది. తలుపు దగ్గరికి లాగితే దానంతటదే కిందికి పడి బిగుసుకుంటుంది. లాగి తెరిచాను. లోపలినుంచి పొయ్యి మూత తీసినప్పటి వేడి కొట్టింది. చాపల చుట్టల మధ్య ముడుచుకుని ఉంది. జుట్టు, గౌను తడిసి ఒంటికి అంటుకుపోయాయి, పెదవులు తెల్లబడ్డాయి. కళ్లు సగం తెరిచి మమ్మల్ని చూసింది. నోటి చుట్టూ చేతులు పెట్టుకుని ఇంకా ఊళ పెడుతున్న సర్దార్ బిడ్డను చూసింది. అది అసలు సైరన్ కాదని ఆమెకు అర్థమైంది. వెంటనే అరచెయ్యి ఎత్తి తన నోరు తను గట్టిగా మూసుకుంది.

ఆటోలో వాళ్లమ్మ ఒళ్లో ఉన్నంతసేపూ ఆ చెయ్యి తీయలేదు. నీళ్లు తాగించబోతే తల తిప్పేసుకుంది. నేను ఆ వేళ్లు ఒక్కొక్కటే విడదీయబోయాను. అంత నీరసంలో అంత బలం ఎక్కడిదో, రాలేదు. చౌరస్తా దాటుతుండగా దూరంగా అసలు రెండో సైరన్ మోగింది. అప్పుడు చెయ్యి దించింది. దించి, గుక్కపట్టి ఏడ్చింది.

దవాఖానలో సెలైన్ ఎక్కించారు. ఇంకాసేపైతే చెప్పలేకపోయేవాళ్లమని డాక్టరమ్మ నా వైపు చూడకుండానే అంది. నేను బయట బెంచీ మీద కూర్చున్నాను. మా నాన్న గుర్తొచ్చాడు. ముప్పై ఏళ్లు భూగర్భ గనిలో, మా భాషలో బాయిలో, పనిచేసిన మనిషి. అన్నం తింటూ మాకు ఒకటే మాట చెప్పేవాడు. "లైటు ఆరిపోతే కదలొద్దు. పిలిస్తే పలకాలె. పలికినోన్నే తీసుకరాగలుగుతరు." చిన్నప్పుడు లెక్కలేనన్నిసార్లు విన్నాను. గని కార్మికుడి బిడ్డనై ఉండి, గని ఆటని పేరు పెట్టి, పలకొద్దని నేర్పాను.

వాళ్లమ్మ వచ్చి పక్కన కూర్చుంది. ఆ షరతు నాదేనని చెప్పేశాను. చెప్పకుండా ఉండలేకపోయాను. తిడుతుందనుకున్నాను, తిడితే బాగుండుననుకున్నాను.

"బిడ్డ తప్పేం చెయ్యలే టీచరమ్మా" అంది ఆమె. "మీరు చెప్పిందే విన్నది."

మర్నాడు ఫారాలు తీసుకుపోవడానికి మనిషి వచ్చాడు. నాది సగంలోనే ఉంది. పెద్దక్క తనది నా ముందుకు జరిపింది. అందులో రెండే వాక్యాలు రాసింది. ఆట మంచిదని, కానీ ఆట మధ్యలో ఎలా ఆపాలో కూడా ఆ ఆటలోనే నేర్పాలని. "చూసి రాసుకో చెల్లె" అంది. 'నేను చెప్పలేదా' అని మాత్రం అనలేదు. నేను రాయలేకపోయాను. ఖాళీ ఎక్కువున్న ఆ కాగితమే ఇచ్చేశాను.

ఆటను పూర్తిగా ఆపేస్తే పిల్లలు మళ్లీ ఏడుస్తారు. అందుకని మార్చాను. ఇప్పుడు సైరన్ వచ్చాక నేను పేరు పెట్టి పిలుస్తాను. పిలిచినవాళ్లు "ఉన్న" అని పలకాలి. పలికినవాళ్లకే చుక్క. పిల్లలు రెండు రోజుల్లో మారిపోయారు, ఆ పాప తప్ప. ఆమె పేరు పిలవగానే అరచెయ్యి నోటి మీదికి వెళ్తుంది. కళ్లు నన్నే చూస్తుంటాయి, నేను మోసం చేస్తున్నానన్నట్టు. కొత్త చుక్కలు లేవు, పాతవి చెరిగిపోయాయి. పిల్లలు మళ్లీ "గామె పలుకది" అనడం మొదలుపెట్టారు. నా చేతులతో తెచ్చి నలుగురిలో కూర్చోబెట్టినదాన్ని నా చేతులతోనే గోడ దగ్గరికి పంపాను. సర్దార్ బిడ్డ ఒక్కతే ఆమె డబ్బాలో తినడం మానలేదు.

మార్చిలో ఒంటిపూట బడులొచ్చాయి. ఇక రెండు గంటల సైరన్‌కు పిల్లలు ఇళ్లల్లో ఉంటారు. మొదటిరోజు నేను అన్నం కలుపుకుని కూర్చున్నాను. సైరన్ మోగింది. ముద్ద నోట్లోకి పోలేదు. బొంతలు కళ్ల ముందు కదిలాయి. ఇంట్లో బొంతలే ఉన్నాయి, సరే. రేపు ఆమె ఇంకెక్కడ దూరుతుందో ఎవరు చెప్పగలరు? ఏ డ్రమ్ములో, ఆగి ఉన్న ఏ టిప్పర్ కింద?

మర్నాటినుంచి రోజూ ఆ ఇంటికి వెళ్తున్నాను. ఒకటిన్నరకు ఎండలో బయల్దేరి, దారిలో సర్దార్ బిడ్డను వెంటేసుకుని వెళ్తాను. సైరన్ మోగుతుంది, పాప బొంతల వెనక్కి పోతుంది. నేను గడప మీద కూర్చుని పిలుస్తాను. వాళ్లమ్మ పిలుస్తుంది. సర్దార్ బిడ్డ పిలుస్తుంది. లోపలినుంచి ఊపిరి చప్పుడు తప్ప ఏమీ రాదు. దెబ్బ పడుతుంది, రేకులు గలగలమంటాయి, దుమ్ము గడప దాటి లోపలికి వస్తుంది. రెండో సైరన్ అయ్యాక పాప బయటికి వచ్చి, చెయ్యి చాపి నా ముందు నిలబడుతుంది, చుక్క పెట్టమని. నేను పెట్టను. ఇద్దరం అలా చూసుకుంటూ ఉంటాం. పెట్టకుండా లేచి రావడం నాకెంత కష్టమో చెప్పలేను.

ఇలా రెండు వారాలు గడిచాయి.

నిన్న దెబ్బ పడేసరికే, పిలిచి పిలిచి నా గొంతు బొంగురుపోయింది. ఇంకొక్కసారే పిలిచి ఊరుకున్నాను. వాళ్లమ్మ పొయ్యి దగ్గర ఉంది. సర్దార్ బిడ్డ గడప మీద గీతలు గీస్తోంది. బొంతల వెనకనుంచి చాలా సన్నగా, ఎప్పుడూ వాడని గొంతుతో ఒక మాట వచ్చింది.

"ఉన్న."

వాళ్లమ్మ చేతిలో గరిట ఆగిపోయింది. నేను లేచి వెళ్లబోయేలోపు బొంతల అంచు పక్కకు జరిగి, ఒక కన్ను కనిపించింది. అందులో నీళ్లున్నాయి.

"ఔటా, టీచర్?" అంది.

రెండో సైరన్ ఇంకా మోగలేదు.